వికెట్టు పక్కనుంచి పోయిన బంతి

రాఘవులు ఆర్టీసీ కండక్టరుగా చేసిన రోజుల్లో జహీరాబాద్ నుంచి హైదరాబాద్ దాకా ఆయన బస్సులో ఎవరికీ కునుకు పట్టేది కాదంటారు. గతుకుల వల్ల కాదు, ఆయన నోటి వల్ల. సదాశివపేట వచ్చేలోపు టిక్కెట్లు కొట్టడం ముగించి, ముందు సీటు కమ్మీకి ఆనుకుని కథ మొదలుపెడితే పటాన్‌చెరు దాటాకే ఆగేవాడు. ఒకసారి బ్రేకులు పోయిన బస్సును తాను వెనక మెట్టు మీద నిలబడి, కాలు నేలకు తన్నిపెట్టి ఆపానని చెప్పాడట. దిగేటప్పుడు ఒక ముసలమ్మ ఆయన చెప్పులకేసి చూసి, ఏమీ అరిగినట్టు లేవే కొడుకా అన్నది. ఆ జత డిపో మేనేజరు అద్దాల బీరువాలో పెట్టుకున్నాడవ్వా, ఇవి కొత్తవి అని రాఘవులు తడుముకోకుండా జవాబిచ్చాడు.

అలాంటి మనిషిని రిటైరైన తరవాత తెచ్చి మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో పెట్టారు. కూతురు నమ్రత మంచిదే. అల్లుడు ఫణి తెనాలివాడైనా మంచివాడే. కాకపోతే ఇద్దరూ పొద్దున లేస్తే చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుంటారు, ఆ చెవుల్లోకి ఇంకో మాట దూరే సందు ఉండదు. మనవరాలు దియకు తాత కథలంటే ఇష్టమే గాని, ప్రతి కథ చివరా "ఈజ్ దట్ ట్రూ, తాతా?" అని అడుగుతుంది. కథ చెప్పేవాడి ప్రాణానికి అంతకంటే పెద్ద తెగులు లేదు. బస్సెడు కథలున్నాయి, ఎక్కే ప్యాసింజరే లేడని రాఘవులు బెంగపెట్టుకున్నాడు.

ఆ బెంగలో ఉండగానే ఒక ఉదయం పార్కులో లోధీ కనిపించాడు.

సాకర్ ఆడుకునే గడ్డి మైదానం పక్కన ఒక పొడుగాటి ముసలాయన, జూన్ ఎండలో ఉన్ని టోపీ పెట్టుకుని, నేలమీద పరిచిన పచ్చటి క్రికెట్ మ్యాట్‌ను చీపురుతో ఊడుస్తున్నాడు. చూడగానే మన దిక్కు మనిషే అనిపించి రాఘవులు తనకు వచ్చిన దక్కనీ ఉర్దూలో, ఏం చేస్తున్నరు మియా అని పలకరించాడు. ఆయన చీపురు ఆపి, ఇది ఏ దేశపు ఉర్దూ అని అడిగాడు. జహీరాబాద్‌ది అని చెప్పి, మీదే కొంచెం వంకరగా వినిపిస్తున్నదని రాఘవులు కలిపాడు. ఆయన నవ్వి, పక్కనున్న బెంచీ మీద కూర్చోబెట్టి ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. ఆ రోజునుంచీ ఇద్దరి మాటలూ ఆ బెంచీ మీద, ఆ భాషలోనే. మన సదుపాయం కోసం ఇక్కడ తెలుగులో చెప్పుకుందాం.

జమీల్ లోధీది పాకిస్తాన్‌లో సాహివాల్. లెగ్ స్పిన్నరు. వయసులో ఉన్నప్పుడు దేశానికి ఒక టెస్టు ఆడాడు. తరవాత అన్నగారి వెంట అమెరికా వచ్చి, కార్ల బ్రేకు సామాను చేసే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. వెంట్రుకవాసి తేడా ఉన్న సామాను పక్కన పడెయ్యడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు మనిషికి కూడా పట్టింది. రాఘవులు కాలితో బస్సు ఆపిన కథ చెబితే చివరిదాకా విని, ఇందులో ఎంత తీసెయ్యాలి అని నెమ్మదిగా అడిగాడు. రాఘవులు ఆలోచించి, సగం అన్నాడు. మిగిలిన సగం బాగుంది అన్నాడు లోధీ. ఇంతటి వినేవాడు రాఘవులుకు ముప్ఫై ఏళ్ల సర్వీసులో దొరకలేదు.

పాకిస్తాన్‌కు టెస్టు ఆడిన మనిషితో కలిసి టీ తాగుతున్నానని రాఘవులు ఇంట్లో ఊరేగినంత పని చేశాడు. చేతిలో ట్రాన్సిస్టరు పట్టుకుని బస్సు నడిపించిన తరం ఆయనది. స్కోరు చెప్పకుండా టిక్కెట్టు ఇస్తే ప్రయాణికులు ఊరుకునేవాళ్లు కాదు. ఆ టెస్టులో ఎన్ని వికెట్లు తీశారని మాత్రం రెండుమూడుసార్లు అడిగి చూశాడు. అడిగినప్పుడల్లా లోధీ ఆకాశంకేసి చూసి, మధ్యాహ్నం వాన పడేట్టుంది అనేవాడు. పెద్దమనిషి, గొప్పలు చెప్పుకోవడం ఇష్టంలేదు కాబోలని రాఘవులు తన మనసుకు తోచినట్టు సర్దుకున్నాడు.

లోధీ శనివారం శనివారం పిల్లలకు క్రికెట్ నేర్పేవాడు. భార్య పోయాక మొదలుపెట్టిన పని అది. మ్యాట్ ఆయనదే, దాన్ని చుట్టి పాత బ్యూయిక్ కారు మీద కట్టుకుని తెచ్చేదీ ఆయనే, మేకులు కొట్టేదీ ఆయనే. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. అదే ఆయన చేసిన పొరపాటు. ఊరికే చెప్పేవాడి దగ్గర ఏం సరుకుంటుందని తల్లిదండ్రులకు లోపల ఒక అనుమానం. ఆ చలికాలం ఊరి బయట ఒక గోడౌన్‌లో ఇండోర్ అకాడమీ తెరిచారు. అందులో బంతులు విసిరే మెషీనుంది, వీపుమీద పేరు కుట్టిన జెర్సీ ఇస్తారు, గోడనిండా కోచ్‌ల ఫొటోలున్నాయి. ఎండాకాలం వచ్చి మ్యాట్ పరిచేసరికి లోధీ దగ్గర దియతో కలిపి ఐదారుగురు పిల్లలు మిగిలారు.

హ్యూస్టన్‌లో ఉన్న కొడుకు ఎప్పటినుంచో వచ్చెయ్యమంటున్నాడు. ఒక శనివారం మ్యాట్ చుడుతూ లోధీ అదే మాట ఎత్తాడు.

"ఈ సీజను చూస్తాను రాఘవులు సాబ్. పిల్లలు రాకపోతే హ్యూస్టన్ వెళ్లిపోతాను. ఒక్కణ్ణే కూర్చుని మ్యాట్‌కు కాపలా కాయలేను కదా."

రాఘవులు ఆ పూట ఇంటికొచ్చి అన్నం సగమే తిన్నాడు. లోధీ పోతే తనకు మళ్లీ హెడ్‌సెట్లూ, "ఈజ్ దట్ ట్రూ"లూ తప్ప ఏమీ మిగలవు. పిల్లలు రావాలి. పిల్లలు రావాలంటే లోధీ ఎంతటివాడో పెద్దలకు తెలియాలి. పెద్దలకు తెలియాలంటే మనవాళ్లకు తెలిసిన దారి ఒకటే. సన్మానం చెయ్యాలి.

అక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుడు తేజేశ్వర్. ఎవరికో ఒకరికి శాలువా కప్పందే ఆయనకు పిక్నిక్ అన్నం అరగదు. కారు డిక్కీలో స్టెప్నీ టైరు లేకపోయినా రెండు శాలువాలు మాత్రం ఎప్పుడూ ఉంటాయి. రాఘవులు ఫోన్ చేసి, మీ ఊళ్లో టెస్ట్ క్రికెటర్ ఉంటే ఇన్నాళ్లూ నిద్రపోతున్నారా అని దెప్పగానే ఆయన ఉలిక్కిపడి, వచ్చే పిక్నిక్‌లోనే పెట్టేద్దాం అంకుల్, ఇంట్రడక్షన్ మీరే ఇవ్వండి అన్నాడు. లోధీని ఒప్పించడమే కొంచెం కష్టమైంది. పిల్లలకు ప్రైజులివ్వడానికి రమ్మంటున్నారు, అంతేనని రాఘవులు చెప్పాడు. అది సగం నిజం. మిగతా సగం ఎప్పటిలాగే.

సన్మానసభలో పరిచయం చేసేవాడు అతిథిని ఒక మెట్టు పైన నిలబెట్టడం మనలో మర్యాద. కథ రాసినవాణ్ణి మహాకవి అంటాం, పాట పాడినవాణ్ణి గానగంధర్వుడంటాం. విన్నవాళ్లు ఆ మెట్టు తీసేసుకునే వింటారు, అతిథి కూడా తీసేసుకునే తల వంచుతాడు. అయితే రాఘవులు మెట్టుతో ఆగే మనిషి కాదు. నిచ్చెన వేస్తాడు.

పిక్నిక్ రోజు పార్కు షెడ్డు కింద బగారన్నం, మటన్ కూర అయ్యాక మైకు చేతికివ్వగానే ఆయనకు ముందు సీటు కమ్మీ దొరికినట్టయింది. తెలుగులో అందుకున్నాడు. లోధీ సాబ్ బంతి వేస్తే అది బ్యాట్స్‌మన్ దగ్గరికి వచ్చి, యోగక్షేమాలు అడిగి, వెనక్కి తిరిగి వికెట్టు పడగొట్టేదన్నాడు. ఆయన బౌలింగుకు దిగుతున్నాడంటే అవతలి జట్టువాళ్లు ముందుగానే స్నానాలు చేసి బట్టలు సర్దుకునేవాళ్లన్నాడు. ఒక ఇంగ్లీషు బ్యాట్స్‌మన్ బౌల్డయి కూడా నమ్మక, ఆ సాయంత్రం కళ్లడాక్టరు దగ్గరికి పోతే, ఆ డాక్టరు, అద్దాలు ఇస్తాను గాని లోధీ బంతికి గ్యారంటీ ఇవ్వలేనన్నాడట. జనం పడీపడీ నవ్వుతున్నారు. ఆ నవ్వుల ఊపులో రాఘవులు నోటినుంచి, ఇలా వందమంది, వందమందిని ఇంటికి పంపిన చేయి ఇది అనే మాట దొర్లింది. అని, లోధీ కుడిచేయి పైకెత్తి చూపించాడు.

లోధీకి తెలుగు ఒక్క ముక్క రాదు. తన పేరు వినిపించినప్పుడల్లా మొహమాటంగా నవ్వాడు. తేజేశ్వర్ శాలువా కప్పాడు, చప్పట్లు మోగాయి, ఫొటోలు తీశారు. పిల్లల్ని పంపుతామని తల్లిదండ్రులు క్యూ కట్టారు. లోధీ కళ్లు చెమర్చడం చూసి రాఘవులు తన నాలుకను తానే మెచ్చుకున్నాడు.

ఆ మెప్పు కారు ఇంటికి చేరేదాకా కూడా నిలవలేదు. నమ్రత డ్రైవ్ చేస్తోంది. పక్కసీట్లో ఫణి ఫోన్ చూస్తూ చూస్తూ వెనక్కి తిరిగాడు.

"మామయ్యగారూ, ఆయన రికార్డ్ చూశారా? వన్ టెస్ట్. వికెట్స్ జీరో."

రాఘవులు, ఇంకో జమీల్ లోధీ అయ్యుంటాడు అనబోయాడు గాని, ఫణి ఫోన్ చూపించాడు. పాత ఫొటోలో టోపీ లేదు, జుట్టు నల్లగా ఉంది, మనిషి మాత్రం ఆయనే.

"నాన్నా, అబద్ధం నువ్వు చెప్పినవని ఎవరనుకుంటరు?" అన్నది నమ్రత రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా. "నీ కథల సంగతి మాకెరుక, వాళ్లకెట్ల ఎరుక? ఆయన నీకట్ల చెప్పిండనుకుంటరు."

ఆ మాట రాఘవులుకు సూటిగా తగిలింది. బస్సులో చెప్పిన కథ దిగినవాళ్లతోనే దిగిపోయేది. ఈ కథ దిగలేదు. పోయి లోధీ నెత్తిన కూర్చుంది.

శనివారం మైదానం కిటకిటలాడింది. ముప్ఫైమంది దాకా పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, మడత కుర్చీలు, ఐస్ బాక్సులు. లోధీ ఎన్నడూ లేనంత హుషారుగా ఉన్నాడు. మొదటి గంట ఒకరికొకరు బంతి విసరడంతోనే గడిచింది. రాఘవులు లోధీని పక్కకు పిలిచి చెబుదామని నాలుగుసార్లు బెంచీ మీంచి లేచి, నాలుగుసార్లూ కూర్చున్నాడు. నోరు పెగలకపోవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

ఆయన ఐదోసారి లేచేలోపు ఒక పిల్లాడి తండ్రి ఫోన్ పట్టుకుని లోధీ దగ్గరికి వెళ్లాడు. సెల్ఫీ తీసుకుని, హిందీలో అడిగాడు.

"సర్, మీ హండ్రెడ్త్ వికెట్ ఎవరిది?"

లోధీ మొదట అర్థంకానట్టు చూశాడు. ఎవరు చెప్పారని అడిగాడు. అంకులే చెప్పారని ఆ తండ్రి నవ్వుతూ బెంచీవైపు చెయ్యి చూపించాడు. లోధీ చూపు ఆ చేతి వెంట వచ్చి రాఘవులు మీద ఆగింది. కోపంగా చూసినా బాగుండేది. ఫ్యాక్టరీలో బ్రేకు ముక్కను చూసినట్టు చూశాడు, కొలత సరిపోలేదన్నట్టు. తరవాత ఆ తండ్రితో, నాకు పని ఉంది బేటా అని, పిల్లల దగ్గరికి పోయి క్లాసు మొత్తం పూర్తిచేశాడు. ఒక్కరి మీదా విసుక్కోలేదు.

అందరూ వెళ్లిపోయాక కారులోంచి శాలువా తెచ్చాడు. ఇస్త్రీ చేసినట్టు మడిచి ఉంది.

"ఇది నాది కాదు రాఘవులు సాబ్. మీరు ఆ రోజు ఎవరి గురించి చెప్పారో ఆయనది. ఎక్కడైనా కనిపిస్తే ఇవ్వండి."

రాఘవులు శాలువా అందుకున్నాడు. అందుకోక ఏం చేస్తాడు. లోధీ బెంచీ రెండో చివర కూర్చున్నాడు. ఈ నెలాఖరుకు హ్యూస్టన్ వెళ్తున్నానని, మ్యాట్ కావాలంటే తేజేశ్వర్‌కు ఇస్తానని చెప్పాడు. పిల్లలు వచ్చారు కదా అని రాఘవులు గొణిగాడు. వాళ్లు నా దగ్గరికి రాలేదు, వంద వికెట్లాయన దగ్గరికి వచ్చారు అన్నాడు లోధీ.

రాఘవులు శాలువా అంచు వేళ్లతో తిప్పాడు. సర్దిచెప్పడానికి నాలుక చివరిదాకా వచ్చిన మాటలు చాలానే ఉన్నాయి. వికెట్లు రాకపోవడానికి ఏదో పెద్ద కారణం ఉండి ఉంటుంది, అవుటైన బ్యాట్స్‌మన్‌ను దయతలచి మీరే వెనక్కి పిలిచి ఉంటారు అని ఒక కథ అప్పుడే అల్లుకోవడం కూడా మొదలైంది. ఆ మాట పైకి అనేశాడు కూడా. లోధీ తల అడ్డంగా ఊపాడు.

"అలాంటిదేమీ లేదు. వేశాను. ఎవరూ అవుట్ కాలేదు. అలా కూడా జరుగుతుంది."

"అయితే జరిగింది జరిగినట్టు నాకు చెప్పండి" అన్నాడు రాఘవులు.

"మీకెందుకు? ఏం చేసుకుంటారు?"

"విన్నది విన్నట్టు చెబుతాను. అదే నోటితో, ఆ జనానికే. అప్పటికీ పోవాలనిపిస్తే పోండి, నేనే కారు దాకా పెట్టె మోస్తాను."

లోధీ నమ్మినట్టు కనపడలేదు. అయినా చెప్పాడు. బహుశా అన్నేళ్లలో వికెట్లు ఎన్ని అని కాకుండా, ఏం జరిగింది అని అడిగినవాళ్లు తక్కువై ఉంటారు. ఫ్లాస్కు ఖాళీ అయ్యేదాకా చెప్పాడు. ఆ వారమంతా రాఘవులు ఆ కథను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కుండలో పాలు మోస్తున్నవాడిలా, ఒలికిపోతుందేమోనన్నట్టు తిరిగాడు. మామయ్యగారికి ఒంట్లో బాగుందా అని ఫణి నమ్రతను అడిగాడు.

మళ్లీ శనివారం క్లాసు మొదలవకముందే రాఘవులు మ్యాట్ పక్కన నిలబడి, పెద్దలంతా కుర్చీలు దగ్గరికి జరుపుకోవాలన్నాడు. ఈసారి తెలుగులో కాదు, ఉర్దూలో ఎత్తుకున్నాడు. ప్రతి మాటా లోధీకి అర్థం కావాలి. కోస్తావాళ్లలో కొందరికి అక్కడక్కడా అందకపోతే పక్కవాళ్లు అందించారు.

"పిక్నిక్‌లో మీరు విన్నది నా సరుకు. ఆయన నాకెప్పుడూ ఆ మాటలు చెప్పలేదు. ఇవాళ చెప్పబోయేది ఆయన సరుకు. ఇందులో నాది ఉప్పురాయంత కూడా లేదు."

కుర్చీల్లో చిన్న కదలిక. ఇద్దరు ముగ్గురు అప్పుడే ఫోన్లు తీశారు. రాఘవులు ఆగలేదు.

లోధీ సాహివాల్‌లో ఒక బ్యాంకు గుమాస్తా అని చెప్పాడు. ఆ దేశంలో అప్పట్లో బ్యాంకులూ రైల్వేలూ క్రికెటర్లకు ఉద్యోగాలిచ్చి తమ జట్లలో ఆడించుకునేవి. పొద్దున కౌంటర్లో కూర్చోవడం, మధ్యాహ్నం బౌలింగు. ఒక టెస్టు ముందు సీనియర్ స్పిన్నరుకు కామెర్లు వచ్చాయి. లోధీకి కబురొచ్చింది. తల్లి కొత్త తెల్లప్యాంటు కుట్టించింది, అది కొంచెం పొట్టిదైంది.

ఇక్కడ రాఘవులు నాలుక దురద పెట్టింది. ఆ ప్యాంటు మీద ఎంత కథ అల్లవచ్చు. మోకాళ్ల దాకా వచ్చిందనవచ్చు, అంపైరు చూసి టైలరు అడ్రసు అడిగాడనవచ్చు. మ్యాట్ అవతల లోధీ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. రాఘవులు నీళ్లు ఒక గుక్క తాగి, పొట్టిదైంది అని ఇంకోసారి మాత్రం చెప్పి ముందుకు పోయాడు.

భోజనాల తరవాత కెప్టెన్ బంతి ఇచ్చాడు. అరచేతికి చెమట. మొదటి బంతి జారి ఫుల్‌టాస్ పడితే ఫోర్ కొట్టారు. రెండోది కూడా అంతే. ఆ ఓవరు అయ్యాక ఎవరూ ఏమీ అనలేదు, అది ఇంకా కష్టంగా ఉండింది. మర్నాడు బాగా వేశాడు. స్లిప్పులో ఒక క్యాచ్ జారింది. వదిలినవాడు ఫలానా అని లోధీ ఇప్పటికీ చెప్పడు. మూడో రోజు ఒక బంతి పడింది. లెగ్ స్టంపు బయట పడి, తిరిగి, బ్యాటును దాటి, ఆఫ్ స్టంపు పక్కనుంచి పోయింది. కీపరు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. బ్యాట్స్‌మన్ వెనక్కి తిరిగి వికెట్లు చూసుకుని, లోధీవైపు చూసి తల ఊపాడు. బెయిల్ పడలేదు.

కీపరు మూర్ఛపోలేదు. బెయిల్ గాలిలో లేచి మళ్లీ వచ్చి కూర్చోలేదు. రాఘవులు ఈ రెండు మాటలూ మింగిన సంగతి పక్కనున్నవాళ్లకు ఆయన గొంతు కదలికలో కనిపించి ఉంటుంది.

"నాలుగో రోజు కూడా ఈయనే పోయి కెప్టెన్‌ను బంతి అడిగాడు. ఇచ్చారు. వేశాడు. ఎవరూ అవుట్ కాలేదు. మ్యాచ్ డ్రా. తరవాతి టెస్టుకు సీనియర్ స్పిన్నరు కోలుకున్నాడు. ఈయనకు మళ్లీ కబురు రాలేదు. బ్యాంకుకు తిరిగిపోయి కౌంటర్లో కూర్చున్నాడు. అంతే."

అంతే అన్నాక రాఘవులుకు ఒళ్లంతా తేలికైనట్టూ, జేబు కొట్టేసినట్టూ అనిపించింది. చప్పట్లు లేవు. వంద వికెట్ల సెల్ఫీ తీసుకున్న తండ్రి, కొడుకు బ్యాగు సర్దుతూ గడియారం చూసుకున్నాడు. అతనూ, ఇంకో రెండు కుటుంబాలూ మర్యాదగానే వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు వెళ్లాలా ఉండాలా అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు కృష్ణకుమారి అనే ఒక తల్లి, ఆసుపత్రిలో పనిచేస్తుంది, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, లోధీని అడిగింది.

"సర్, మూడు రోజులు ఒక్క వికెట్ రాలేదు కదా. నాలుగో రోజు మళ్లీ బాల్ ఎందుకు అడిగారు?"

లోధీకి ఆ ప్రశ్న వింతగా తోచింది.

"బంతి ఇంకా తిరుగుతోంది కదమ్మా" అన్నాడు.

ఆమె తల ఊపి, కుర్చీలో వెనక్కి వాలింది. లేచే ఉద్దేశం లేనట్టు చెప్పులు విడిచి కాళ్లు గడ్డిలో పెట్టుకుంది. ఆమెను చూసి ఇంకొందరు కూర్చున్నారు. ఇంతలో దియ చెయ్యెత్తింది.

"తాతా, ఆ బాల్ స్టంప్‌కి ఎంత క్లోజ్‌గా వెళ్లింది?"

అది మాత్రం లోధీ చెప్పలేదు, రాఘవులు అడగలేదు. అయినా చేతులు ఊరుకోవు. బొటనవేలూ చూపుడువేలూ ఎత్తి, మధ్యలో గోలీకాయ పట్టేంత సందు చూపించి, తప్పు చేశానా అన్నట్టు లోధీకేసి చూశాడు.

లోధీ మ్యాట్ దాటి వచ్చాడు. రాఘవులు చెయ్యి పట్టుకుని, ఆ రెండు వేళ్లనూ మెల్లగా దగ్గరికి నొక్కాడు. ఇంకొంచెం నొక్కాడు. సందులో కాగితం మాత్రమే పట్టేంత మిగిలాక వదిలాడు. ఇంత, అని పిల్లలకు చూపించాడు. పిల్లలు ముందుకు వంగి, ఆ ముసలి వేళ్ల మధ్యనుంచి వెలుతురు కనిపిస్తోందో లేదో ఒక్కొక్కరే చూసి పోయారు.

ఆ రోజు క్లాసు నడిచింది. పద్దెనిమిదో ఇరవయ్యో పిల్లలు, సరిగ్గా ఎందరో రాఘవులు లెక్కపెట్టలేదు. ఎండ ఎక్కాక అందరూ వెళ్లిపోయారు. ఇద్దరూ మ్యాట్‌కు చెరో చివరా వంగి, మేకులు పీకి, నడుములు పట్టుకుంటూ చుట్టడం మొదలుపెట్టారు. పెట్టె ఎప్పుడు మోయాలో అడుగుదామనుకున్నాడు రాఘవులు. ఆ ప్రశ్న బరువుగా ఉండి ఇంకో ప్రశ్న బయటికొచ్చింది.

"లోధీ భాయ్, నిజం చెప్పండి. బంతి అంత దగ్గరగా పోయిందా?"

లోధీ మ్యాట్ చుట్టడం ఆపలేదు.

"ఆ రోజు ఇంకొంచెం దూరంగానే పోయింది. తరవాత ఏటేటా దగ్గరికి జరుగుతూ వచ్చింది. నలభై ఏళ్ల పైమాటే కదా."

 వెంట్రుకవాసి తేడాకు సామాను పక్కన పడేసే మనిషి నోట ఈ మాట వస్తుందని రాఘవులు కలలో కూడా అనుకోలేదు. మ్యాట్ రెండో కొస లోధీ చేతికి అందిస్తూ, మరి హ్యూస్టన్ సంగతేమిటని చిన్నగా అడిగాడు.

"చలికాలం మంచులో ఎలాగూ ఆడలేం. అప్పుడు పోయి అబ్బాయిని చూసివస్తాను." లోధీ చుట్టిన మ్యాట్‌ను భుజానికెత్తుకుని ఊపిరి తీసుకున్నాడు. "ఇప్పుడెలా పోతాను? ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటే ఆ బంతి తగులుతుంది."